అన్‌ఫిట్ మిఠాయి

ఆరో తరగతి పిల్లలకి ఇంగ్లీషులో వ్యతిరేక పదాలు చెప్పి, ఒక్కో మాటతో ఒక్కో వాక్యం రాసుకురమ్మన్నాను. హ్యాపీ, అన్‌హ్యాపీ. కైండ్, అన్‌కైండ్. ఫిట్, అన్‌ఫిట్. మా కాలనీ పిల్ల చాందిని, 'మా నాన్న అన్‌ఫిట్ అయ్యారు, మేమంతా చాలా సంతోషంగా ఉన్నాం' అని ఇంగ్లీషులో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకొచ్చింది.

ఎర్ర పెన్ను పట్టుకుని ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. పుస్తకం ప్రకారం అది అర్థంలేని మాట. మా కాలనీ ప్రకారం అక్షరాలా నిజం. పిల్లని పిలిచి అర్థం వివరించే ఓపిక నాకు లేదు. ఆ ఏడాదంతా నాకు దేనికీ ఓపిక లేదు. రైట్ కొట్టేసి పేజీ తిప్పాను.

రాయపూర్‌లో వ్యాగన్ రిపేరు షాపు చుట్టూ ఉన్న రైల్వే కాలనీ మాది. తాతల కాలంలో శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లం. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ. ఇంగ్లీషు మాత్రం నాలుగు ముక్కలు రైల్వేయే నేర్పింది, రైల్వే ఎలా వాడితే మేమూ అలాగే వాడతాం. ఒళ్లు కాలిపోతున్నా సరే, రైల్వే డాక్టరు రాసేదాకా మనిషి సిక్ కాడు. రాశాక మేనల్లుడి పెళ్లికెళ్లి పులిహోర తిన్నా సిక్కే. మళ్లీ డ్యూటీలో చేరాలంటే ఫిట్ తీసుకోవాలి. వ్యాగన్లకీ అంతే. చక్రం చెడితే సిక్ లైన్లోకి తోస్తారు, బాగయ్యాక ఫిట్ ఇచ్చి పంపిస్తారు. మనుషులకీ వ్యాగన్లకీ ఒకే మాట ఏమిటని చిన్నప్పుడు నాకెప్పుడూ తోచలేదు.

వీటన్నిటిలోకీ విలువైన మాట అన్‌ఫిట్. ఫలానా ఉద్యోగి ఇక ఏ కేటగిరీలో ఏ పనికీ పనికిరాడని మెడికల్ బోర్డు తేలిస్తే ఆయన్ని ఇంటికి పంపేసి, ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇచ్చే వీలుంది. ఆయనకి ఒక వయసు దాటిందంటే ఆ దారీ మూసుకుపోతుంది. అందుకని మా కాలనీలో కొడుకు పరీక్షలన్నీ తప్పాక, ఇంటిల్లిపాదీ తండ్రి మోకాళ్ల వైపు చూడటం మొదలుపెడతారు. అన్‌ఫిట్ వస్తే మిఠాయి పంచుతారు. ఖర్మ కాలి ఫిట్ ఇచ్చేస్తే ఇరుగుపొరుగు వచ్చి కూర్చుని పాపం, పాపం అంటారు. ఫిట్ వచ్చిన ఇంట్లో ఆ పూట పొయ్యి వెలిగించకపోవడం నేను కళ్లారా చూశాను.

ఇక మా వంతు వచ్చింది.

మా నాన్న పేరు నూకరాజు. కీమన్ పని. పొద్దున్నే లోకల్ ఎక్కి సిలియారీ వైపు వెళ్లి, తన వంతు పట్టాల వెంట నడుచుకుంటూ పోవాలి. పట్టాని పట్టి ఉంచే క్లిప్పులు వదులైతే సుత్తితో దిగ్గొట్టాలి. భుజాన సంచి, సంచిలో సుత్తి, పానా, ఎర్రజెండా. వైశాఖంలో ఆ కంకర మీద నడిచొచ్చి బూట్లు విప్పితే ఆ వేడి గుమ్మంలోకి తగిలేది. అలాంటి మనిషి సర్వీసులో చేరినప్పుడు ఫిట్ ఇచ్చిన డాక్టరు పేరు ఇప్పటికీ చెబుతాడు. "ఊపిరి తీసి బిగబట్టమన్నాడు. బిగబట్టాను. ఇక వదిలీవయ్యా బాబూ అని ఆయనే బతిమాలాడు" అని మాకు చెప్పి నవ్వేవాడు.

అన్నయ్య ఈశ్వర్ నయా రాయపూర్‌లో ఒక ఆఫీసులో కాంట్రాక్టు మీద కంప్యూటర్ పని చేస్తున్నాడు. ఆ ఖాళీ రోడ్ల మీద బస్సులో వెళ్లడానికీ రావడానికీ సగం రోజు పోతుంది. ఏజెన్సీ మారినప్పుడల్లా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. రైల్వే పరీక్షలు రాసి రాసి వయసు దాటబోతోంది. సంబంధానికి వచ్చినవాళ్లు కాఫీ తాగకముందే "పర్మనెంటేనా?" అని అడిగి, తాగాక వెళ్లిపోయేవారు. అన్నయ్య చెడ్డవాడేం కాదు, అలిసిపోయాడు. మా ఇంట్లో అందరం అలిసిపోయే ఉన్నాం, ఎవరి అలసట వాళ్లకి గొప్ప.

దారి చూపించింది ధనుంజయ్ మావయ్య. మాకు చుట్టమేం కాదు, పక్క వీధిలో ఉంటాడు, యూనియన్‌లో తిరుగుతాడు. బోర్డు ముందు ఎలా నడవాలో, ఎలా మూలగాలో నేర్పడంలో కాలనీలో ఆయన్ని మించినవాడు లేడు. ప్రతి ఆదివారం వచ్చి మా ముందుగదిలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని డాక్టరులా కూర్చునేవాడు. నాన్న గుమ్మం నుంచి వంటింటి దాకా కుంటుకుంటూ నడవాలి.

"ఆగన్నా, ఆగు. నీకు ఏ కాలు నొప్పి?"

"కుడిదని నువ్వే కదేటి చెప్పావు."

"మరి ఎడంది కుంటతన్నావేటి?"

"నిజంగా నొప్పెడతంది ఎడందే" అన్నాడు నాన్న సిగ్గుపడుతూ.

"నిజందెవడిక్కావాలన్నా! ఎక్స్‌రే కుడిదానికి తీయించాం. చలో, మళ్లీ నడు."

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, చేతిలో గరిటెతో ఆ కాలు కాదు ఈ కాలు అని చూపించేది. అన్నయ్య ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తూ ఓరకంట చూసేవాడు. నాన్న మళ్లీ నడిచేవాడు. మొదట్లో నాకూ నవ్వొచ్చింది, అబద్ధమెందుకు. ముప్పై ఏళ్లు తిన్నగా నడిచినందుకు జీతం తీసుకున్న మనిషికి వంకరగా నడవడం ఒక పట్టాన రాలేదు.

కానీ చలికాలం పోయేసరికి ఇంకోటి మొదలైంది. రెండుసార్లు ఆ గదిలో అటూ ఇటూ నడిస్తే చాలు, నాన్న గోడకి చెయ్యి ఆన్చి ఆగిపోయేవాడు. నోరు తెరిచి గాలి పీల్చుకునేవాడు. రాత్రిళ్లు పడుకోలేక మంచం మీద రెండు తలగడలు పెట్టుకుని కూర్చునేవాడు. సాయంత్రానికి పాదాలు ఉబ్బి, చెప్పుల పట్టీ అచ్చు పడేది.

"ఆ ఆయాసం బాగుందయ్యా" అంది అమ్మ ఒక ఆదివారం. "బోర్డులో కూడా అచ్చం అలాగే పట్టు."

నాన్న గోడ మీంచి చెయ్యి తియ్యలేదు. నాకు ఒళ్లు మండింది.

"అమ్మా, అది నటన కాదు. కనబడటం లేదా? రేపే డాక్టరుకి చూపిద్దాం" అన్నాను.

"చూపిస్తే మందిస్తాడు" అన్నాడు ధనుంజయ్ మావయ్య, చిన్నపిల్లకి లెక్క చెప్పినట్టు. "మందేసుకుంటే తగ్గిపోతాది. తగ్గిపోతే బోర్డువాళ్లు ఫిట్ ఇచ్చేస్తారు. ఇన్నాళ్ల మెహనత్ అంతా బేకార్. బోర్డు అయ్యాక నీ ఇష్టమొచ్చిన డాక్టరుకి చూపించమ్మా రాజీ, ఎవరొద్దన్నారు?"

ఆ మాట విన్నాక కూడా గదిలో ఎవరూ ఉలిక్కిపడలేదు. అమ్మ తలూపింది. అన్నయ్య ఫోన్లోకి ఇంకా వంగిపోయాడు. నేను గట్టిగా అరిచాను. మనిషికి ఊపిరాడకపోతే మందు వద్దనే వాళ్లని నేనెక్కడా చూడలేదని, ఉద్యోగం కావాలంటే అన్నయ్యే పట్టాల మీద కుంటమని, నోటికొచ్చిందల్లా అన్నాను. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అన్నయ్య లేచి బయటికి వెళ్లిపోయాడు. చివరికి నోరు మూయించింది నాన్నే.

"ఊరుకో తల్లీ. బోర్డు ఎంతలో ఉంది? అదయ్యాక చూపించుకుంటాను. ఈలోగా చచ్చిపోనులే."

ఆయన ఒళ్లు ఆయనది. ఆయనే వద్దన్నాక నేనేం చెయ్యను? నేను తెచ్చిపెట్టిన మాత్రలు తలగడ కింద అలాగే ఉండిపోయాయి. రోజూ సంచి భుజాన వేసుకుని డ్యూటీకి వెళ్లేవాడు. సిక్ తీసుకోవచ్చు కదా అంటే, సిక్‌లో పెడితే డాక్టరు చూసి మందిస్తాడు, అది రికార్డులోకి ఎక్కుతుందని ధనుంజయ్ మావయ్య ముందే బెదిరించి ఉంచాడు. గ్యాంగులో వాళ్లు నాన్న సంచి మోసిపెట్టేవారట. అది నాకు చాలా తర్వాత తెలిసింది.

బోర్డు బిలాస్‌పూర్‌లో. ఆ రోజు తెల్లవారుతూనే అన్నయ్య, నాన్న, ధనుంజయ్ మావయ్య ముగ్గురూ లోకల్‌కి వెళ్లారు. అమ్మ నాన్న నుదుట బొట్టు పెట్టి, "కుడికాలు" అని గుర్తుచేసింది. నాన్న సరేనని తలూపి, మెట్లు దిగడానికి అన్నయ్య భుజం పట్టుకున్నాడు.

నేను బడికి వెళ్లాను. మధ్యాహ్నం ఇంటర్వెల్‌లో అమ్మ ఫోను. ముందు ఏడుపు వినిపించింది.

"రాజీ, వచ్చీసిందే! ఆల్ కేటగిరీ అన్‌ఫిట్! మీ ధనుంజయ్ మావయ్య ఇప్పుడే ఫోన్ చేసినాడు. లోపల తెలిసినోళ్లెవరో చెప్పీసారట, పక్కా అంట. మీ అన్న గట్టెక్కీసాడే! వచ్చినప్పుడు లడ్డూలు పట్టుకురా. మంచివి తే, మోతీచూర్‌వి."

స్టాఫ్ రూములో కూర్చుని నేను నిజంగానే ఊపిరి పీల్చుకున్నాను. ఎంతకాలంగానో మా ఇంటి మీద కూర్చున్న బరువు దిగిపోయినట్టయింది. ఇక నాన్నని డాక్టరుకి చూపించవచ్చు, ఇక ఆయన ఆ కంకర మీద నడవక్కర్లేదు, నాకు ముందు తోచింది అదే. మిఠాయి దుకాణంలో రెండు డబ్బాలు కట్టించాను.

ఇల్లు చేరేసరికి గుమ్మం నిండా చెప్పులు. మా ఎదురింటి కోటమ్మ పిన్ని అమ్మకి బొట్టు పెట్టి కావలించుకుంది. కిందటేడు వాళ్లాయనకి ఫిట్ ఇచ్చేశారు, ఆ కడుపుమంట దాచుకుని మరీ వచ్చింది, మంచి మనిషి. ఛత్తీస్‌గఢీ ఇరుగుపొరుగు కూడా వచ్చి "బధాయీ హో, చాచీ" అని లడ్డూలు తీసుకున్నారు. అసలు మనుషులు ఇంకా రైల్లోనే ఉన్నారు, ఒక డబ్బా అయిపోయింది.

పొద్దుగూకే వేళకి వచ్చారు. అన్నయ్య ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. మెట్ల దగ్గరే అమ్మ కాళ్లకి దణ్ణం పెట్టాడు. నాన్న వెనకాల మెల్లగా ఎక్కాడు, మధ్యలో ఆగాడు, మళ్లీ ఎక్కాడు. లోపలికొచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ఆ కుర్చీలో డాక్టరులా కూర్చునే ధనుంజయ్ మావయ్య ఇప్పుడు నిలబడి అందరి అభినందనలూ అందుకుంటున్నాడు.

"ఏ కాలు కుంటావు నూకరాజూ, కుడిదా ఎడందా?" అని ఎవరో అడిగారు. గది గదంతా నవ్వింది. నాన్న కూడా నవ్వాడు. కోటమ్మ పిన్ని లడ్డూ నోట్లో పెట్టబోతే చేత్తో తీసుకుని, తినకుండా గుప్పిట్లో పట్టుకు కూర్చున్నాడు.

అందరూ వెళ్లాక అమ్మ ఖాళీ డబ్బాలు సర్దుతూ, ఇన్నాళ్ల తర్వాత కాస్త గొంతు తేలిక చేసుకుని మాట్లాడింది.

"చూశావా? నాను చెప్పినట్టు కుంటావు కాబట్టే అయినాది. లేపోతే నీ తిన్నటి నడక చూసి ఫిట్ ఇచ్చీసి పంపిద్దురు."

"నాను కుంటలేదే" అన్నాడు నాన్న.

"అదేటి?"

"కుంటడానికి వాళ్లు నన్ను నడవమంటే కదా. నా ముందోడిని నడిపించారు, కూకోబెట్టారు, లెగమన్నారు. నాటకాలాడతావేట్రా అని కసిరీసారు. నా ఒంతొచ్చింది. చొక్కా ఇప్పి పడుకోమన్నారు. ఛాతీ మీద జిగురు పూసి మిషను పెట్టారు. అందులో చూసినోడు ఇంకొకాయన్ని పిలిచాడు. ఆయనొచ్చి చూసి ఇంకా పెద్దాయన్ని పిలిచాడు."

అన్నయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ ఆగిపోయాడు. బోర్డు గది బయటే కూర్చున్నాడు వాడు, లోపలి సంగతి తెలియదు.

"తరవాత ఇంక నన్నెవరూ కసరలేదు" అన్నాడు నాన్న. "కాలి మాటే ఎత్తలేదు. ఇంట్లో ఎవరెవరున్నారని అడిగినాడు పెద్దాయన. మంచం దిగతంటే నర్సమ్మ చెయ్యి పట్టుకుని, ధీరే బాబా, ధీరే, మెల్లగా దిగు అన్నాది. ముప్పై ఏళ్లలో రైల్వేలో నాతోటి అంత మెత్తగా ఎవరూ మాటాడలేదే. అప్పుడే నాకు తెలిసిపోనాది."

అమ్మ చేతిలో డబ్బా మూత అలాగే ఉండిపోయింది. నేను నాన్న కాళ్ల దగ్గర కూర్చున్నాను.

"డాక్టరేం చెప్పాడు నాన్నా? సరిగ్గా చెప్పు."

"గుండె పెద్దదైపోనాదంట. రక్తం తోడే పని సరిగ్గా చెయ్యట్లేదంట. పెద్దాసుపత్రికి రాసిస్తానన్నాడు, ఎంటనే జాయినవమన్నాడు. మరీ ఆలస్యం చేశావు, ఇన్నాళ్లూ ఏం చేస్తన్నావని అడిగినాడు."

"నువ్వేమన్నావు?"

"డ్యూటీ తోటి కుదరలేదన్నాను."

బోర్డు కోసం ఆగామని ఆయన చెప్పలేదు. తన ఆయాసం బాగుందని భార్య మెచ్చుకుందనీ చెప్పలేదు. అంత జబ్బులోనూ మా పరువు కాపాడుకొచ్చాడు. నాకు ఏడుపు రాలేదు, కోపం కూడా రాలేదు. అన్‌ఫిట్ అనే మాటకి అర్థం ఏమిటో పిల్లలకి ఏటేటా చెబుతున్నదాన్ని, మధ్యాహ్నం ఫోనులో అది విని మిఠాయి కట్టించుకొచ్చాను. కట్టించుకొచ్చి ఊరంతా పంచాం.

అన్నయ్య గోడకి ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చున్నాడు. తర్వాత ఒక్కసారిగా లేచి ఫోన్ తీశాడు. కంగారులో స్పీకర్ నొక్కుకుపోయింది, అందరికీ వినిపించింది.

"ఏట్రా అల్లుడూ, అప్పుడే పార్టీయా?" అన్నాడు ధనుంజయ్ మావయ్య, అవతల నుంచి నవ్వుతూ.

"మావా, నాన్నకి ఫిట్ ఇప్పించు."

"ఏటి?"

"ఫిట్, మావా. నాకీ ఉద్యోగం వద్దు. నీకు లోపల తెలిసినోళ్లున్నారు కదా, రేపే వెళ్దాం. ఎవరి కాళ్లు పట్టుకోమంటే వాళ్ల కాళ్లు పట్టుకుంటాను. ఆ కాయితం మార్పించీ. ఫిట్ అని రాయించు మావా, నీకు దణ్ణం పెడతాను."

"పాగల్ అయిపోనావేట్రా? జనం అన్‌ఫిట్ కోసం ఏళ్ల తరబడి..."

అమ్మ వచ్చి ఆ ఫోన్ దగ్గర నోరు పెట్టింది. "అవును తమ్ముడూ, నువ్వు చెప్తే వాళ్లు ఇంటారు. ఎలాగోలా ఫిట్ ఇప్పించీ తమ్ముడూ. నా తాళి నీ చేతిలో ఉంది."

ఇద్దరూ నిజంగానే అడుగుతున్నారు. బోర్డువాళ్లు ఆ ఒక్క మాట మార్చి రాస్తే నాన్న గుండె కూడా మారుతుందని వాళ్లు ఆ క్షణాన నమ్ముతున్నారు. పైరవీతో రాని మాట మా కాలనీలో ఇంతవరకూ ఏదీ లేదు మరి.

నాన్న కుర్చీలోంచి చెయ్యి చాచాడు. "ఇటియ్యి" అన్నాడు. అన్నయ్య ఇవ్వలేదు. నాన్నే ముందుకి వంగి, ఆయాసపడుతూ, వాడి చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు.

"ధనుంజయా, గుంటడి మాట పట్టించుకోకు. భయపడతన్నాడు" అన్నాడు. ఊపిరి అందక కాసేపు ఆగాడు. "వాడి ఉద్యోగం కాయితాలు రేపే పెట్టించీ. నానుండగానే సంతకాలు అయిపోవాల."